పగలని ఏడో గాజు

మా బావ పిరికివాడు. ఈ మాట ఆయన వెనకాల అనడం లేదు, ఎదురుగానే పాతికేళ్ళుగా అంటున్నాను. అక్క మొగుడు కాబట్టి అనే హక్కు నాకుంది, పడే ఖర్మ ఆయనకుంది. బల్లి కనిపిస్తే గది మారతాడు. కుక్క మొరిగితే వీధి మారతాడు. లిఫ్టు ఎక్కమంటే ఆరు అంతస్తులూ మెట్ల మీదే ఎక్కి, పైన రొప్పుతూ నిలబడి, "ఒంటికి మంచిదిరా" అంటాడు. గ్యాసు కట్టామో లేదో అని వీధి చివరి నుంచి వెనక్కొస్తాడు. భయమా బావా అంటే మాత్రం చచ్చినా ఒప్పుకోడు. "భయం కాదురా, జాగ్రత్త" అంటాడు.

అలాంటి మనిషి ముప్పై ఏళ్ళు చేసిన ఉద్యోగమేమిటంటే, భూమిలోకి నలభై మీటర్లు దిగి, ఎప్పుడు కూలతాయో తెలియని గోడల్ని పలకరించి రావడం.

మా ఊరికి నీళ్ళు తెచ్చే సొరంగం పాతది. ఎంత పాతదంటే, కట్టినవాళ్ళ ఫోటోలు కూడా ఎవరి దగ్గరా లేవు. పై నుంచి దాంట్లోకి దిగడానికి అక్కడక్కడా నిలువు గోతులు తవ్వి, చుట్టూ ఇటుకతో గోడ కట్టారు. వాటిని మేం షాఫ్టులంటాం. పెద్ద బావి అనుకోండి, అడుగున నీళ్ళకి బదులు సొరంగం ఉంటుంది. ఆ ఇటుక గోడలు ఇప్పుడు బీటలు వారాయి. వాటిని లోపలి నుంచి ఉక్కు వల, కాంక్రీటు వేసి బాగుచేయడమే మా పని. షాఫ్టు నోటి దగ్గర తాడు చుట్టి లాగే వించి నడిపేది నేను. మనుషుల్ని ఇనప తొట్టిలో నిలబెట్టి తాడు మీద దించుతాను, మళ్ళీ లాగుతాను. తొట్టిలో నలుగురు పడతారు. తొట్టిలోని మనిషి పక్కనున్న సన్నతాడు లాగితే నా దగ్గర గంట మోగుతుంది. ఒక గంటకి ఆపాలి, రెండు గంటలకి దించాలి, మూడు గంటలకి లాగాలి. అడుగున పనిచేసేవాళ్ళకి వేరే పెద్ద గంట ఉంది, అది నా దగ్గర నుంచి మోగించాలి. అది ఆగకుండా మోగిందంటే పని ఎక్కడిదక్కడ వదిలేసి అందరూ పైకి రావాలి.

మా బావ పని గాజులతో. గోడలో బీట ఉన్నచోట, దానికి అడ్డంగా వేలంత వెడల్పున్న పల్చటి గాజుముక్క పెట్టి, రెండు కొసల్నీ ప్లాస్టరు ముద్దలతో గోడకి అతికిస్తాడు. గాజు మీద తేదీ రాస్తాడు. గోడ కదలకపోతే గాజు అలాగే ఉంటుంది. బీట వెంట్రుకవాసి విచ్చుకున్నా గాజు ఠప్పున పగులుతుంది. రోజూ దిగి, టార్చి వేసి చూసి, పుస్తకంలో 'పగల్లేదు' అని రాసుకోవాలి. చేత్తో మాత్రం ముట్టుకోకూడదు. మన చెయ్యి తగిలి పగిలితే ఊరంతా అల్లరి. ఇప్పుడు కంప్యూటరు పరికరాలు వచ్చాయి గానీ, మా తడిలో అవి మూడు నెలలు ఉంటే ఎక్కువ. గాజుకి బ్యాటరీ అక్కర్లేదు.

అందుకే ఆయన్ని అందరూ గాజులాయన అంటారు. ఆ పేరులో మీకు వెటకారం వినిపిస్తే తప్పు మీది కాదు, పెట్టింది నేనే.

రెండేళ్ళ కిందట వేరే షాఫ్టులో ఆయన ఏదో దబదబమన్న చప్పుడు విని, పైకొచ్చి నన్ను తోసేసి ఆ పెద్ద గంట మోగించేశాడు. పద్నాలుగు మంది ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పైకొచ్చారు. తీరా చూస్తే ఎవరో ఖాళీ డ్రమ్ము దొర్లించుకుంటూ పోయారు. ఆ నవ్వులు నెల రోజులు ఆగలేదు. మా పెద్ద ఇంజనీరు నవ్వలేదు. "ఈసారి గంట మోగాలంటే గాజు పగిలి ఉండాలి. పగిలిన ముక్క నా బల్ల మీద ఉండాలి" అన్నాడు. మా బావ తల ఊపి వచ్చేశాడు. ఆ తర్వాత ఆయన జాగ్రత్త నాలుగింతలైంది, నోరు మాత్రం పడిపోయింది.

ఇక ఆయన కూతురు, అంటే నా మేనకోడలు. దానిది అచ్చం మా అక్క పోలిక, భయమన్నది పుట్టలేదు. నాలుగేళ్ళప్పుడు గోడెక్కి కూర్చుంటే కింద నిలబడి మా బావ ఏడ్చాడు తప్ప అది దిగలేదు. ఇంజనీరింగు చదివింది. హాయిగా ఏసీ గదిలో కూర్చుని బొమ్మలు గీసుకోమని వాళ్ళ నాన్న బతిమాలాడు. వింటేనా? సొరంగాల డిజైనే కావాలంది. తిరిగి తిరిగి మా షాఫ్టుకే వచ్చింది. వచ్చిన రోజు నెత్తిన టోపీ పెట్టుకుని, "మావయ్యా, నన్ను మెల్లగా దించకు, మామూలుగానే దించు" అంది.

ఈ షాఫ్టులో పని ఎలా మొదలెట్టాలన్నది దాని లెక్క మీదే ఆధారపడింది. గోడ కదులుతూ ఉంటే ముందు పై నుంచి ఉక్కు రింగులు బిగించుకుంటూ, గోడ వెనక ఖాళీల్లో సిమెంటు పాలు ఎక్కించుకుంటూ నెమ్మదిగా కిందికి దిగాలి. ఏడాది పని. గోడ కదలడం లేదంటే అడుగున ఒక వరస పాత ఇటుకలు తీసేసి, అక్కడి నుంచి పైకి కొత్త కాంక్రీటు లేపుకుంటూ రావచ్చు. నాలుగు నెలల్లో అయిపోతుంది. ఏది చేయాలో తేల్చడానికి వాళ్ళ నాన్న పుస్తకం తీసుకుని మూడు నెలల రీడింగులు చూసింది. పదకొండు గాజులు. తొంభై రోజులు. గుండ్రటి అక్షరాలతో ప్రతి గడిలోనూ 'పగల్లేదు', 'పగల్లేదు', 'పగల్లేదు'. గోడ కదలడం లేదని రాసి సంతకం పెట్టింది.

అడుగున ఇటుకలు కోసే రోజు పొద్దున్న ఎనిమిది మంది పనివాళ్ళూ, వాళ్ళతో పాటు నా మేనకోడలూ దిగారు. వాళ్ళు మిషను బిగించుకుంటూ ఉండగా, గాజులు చూసి రావడానికి మా బావ తొట్టి ఎక్కాడు. ఎప్పటిలాగే రెండు చేతులతో అంచు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "బావా, చూసే పనికి వెళ్తున్నావు, కళ్ళు తెరువు" అన్నాను. నవ్వలేదు.

సగం లోతులో ఒక గంట మోగింది. ఆపాను. ఏడో గాజు దగ్గర. ఆయన ఎప్పుడూ అక్కడ అర నిమిషం కంటే ఆగడు. గోడ తడి ఓడుతూ, తెల్లటి సున్నం పొర కట్టి, చూడ్డానికే బాగుండదని చెప్పేవాడు. ఆ రోజు ఐదు నిమిషాలైనా మళ్ళీ గంట మోగలేదు. తర్వాత మూడు గంటలు మోగాయి, ఒకదాని మీద ఒకటి పడుతూ.

లాగాను. తొట్టి పైకొచ్చేసరికి ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. దిగబోయి అంచు మీద కాలు ఆనక నా మీద పడ్డాడు. నేను కూర్చునే స్టూలు మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. గ్లాసు పళ్ళకి కొట్టుకుంటోంది.

"గాజు పగిలిందా?" అన్నాను.

"లేదురా. పగల్లేదు."

"మరింకేం? బతికించావు."

"పగల్లేదురా!" అని నా చొక్కా పట్టుకున్నాడు. అలా ఎవరినీ పట్టుకోగా నేను చూడలేదు. అప్పుడు చెప్పాడు, మాట మింగుతూ, తడబడుతూ. బీటలోంచి ఎప్పుడూ తేటనీళ్ళు కారేవి, ఇవాళ బురదనీళ్ళు కారుతున్నాయి. గాజు కనబడకపోతే బొటనవేలితో బురద తుడిచాడు. తుడిస్తే గాజు కదిలింది, ఊడబోయే పాలపన్నులా. ఒక కొస ప్లాస్టరు గోడని ఎప్పుడో వదిలేసింది. రెండో కొస మీద గాజు ఊరికే వేలాడుతోంది. గోడ ఎంత విచ్చుకున్నా అది ఇంక పగలదు. బీటలో పెన్సిలు పెట్టి చూశాడు. మూడు నెలల కిందట గోరు కూడా దూరని చోట పెన్సిలు దూరి బిగుసుకుంది.

"మరి ఊడకుండా అతికించలేదా బావా?"

ఆయన నేల వైపు చూశాడు. "ఇనప బ్రష్షుతో సున్నం పొర గీకి, ఇటుక తేలాక అతికించాలి. గీకలేదు. పొర మీదే అతికించేశాను."

"ఎందుకు?"

"ఆ చోట నిలబడలేకపోయానురా."

కింద మిషను మొదలైంది. భూమి లోపల్నుంచి గర్రుమని చప్పుడు నా బూట్లలోకి వచ్చింది. గోడని మోసే అడుగు వరస కోస్తున్నారు. సగం లోతులో గోడ విడిపోతోంది. దాని కింద నా మేనకోడలు నిలబడి ఉంది.

నా బుర్ర వెంటనే అడ్డదారి పట్టింది, అది మా వంశ లక్షణం. "బావా, పగిలిందని చెప్పు. ఒక గాజుముక్క విరిచి సారు బల్ల మీద పెడదాం. అందరూ పైకొస్తారు. నీ మాటా పోదు" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా వైపు చూశాడు. ఆశపడ్డాడు, అబద్ధమెందుకు. తర్వాత తల అడ్డంగా ఊపాడు. "ఇవాళ పగిలిందంటే, నిన్నటిదాకా గోడ కదల్లేదనుకుంటుంది అమ్మడు. కొత్త గాజు పెట్టి, రెండు వారాలు చూసి, మళ్ళీ ఆ లెక్కతోనే దిగుతుంది. మూడు నెలల్నుంచీ కదులుతోందిరా అది. నా పుస్తకమంతా తప్పు."

అని లేచి పెద్ద గంట తాడు పట్టుకుని ఊపడం మొదలుపెట్టాడు. ఆగకుండా ఊపాడు. చప్పుడికి రేకుల షెడ్డులోంచి పెద్ద ఇంజనీరు పరుగెత్తుకొచ్చాడు.

"మళ్ళీ మీరేనా? గాజు పగిలిందా?"

"లేదు సార్."

"పగల్లేదా! మరి గంటెందుకు?"

అక్కడ సిమెంటు కలిపేవాళ్ళు, లారీ డ్రైవర్లు, కాపలావాడు, పది మందిదాకా ఉన్నారు. డ్రమ్ము కథ అందరికీ తెలుసు. అప్పుడే ఒకడు పళ్ళికిలించాడు కూడా. మా బావ తాడు వదలకుండానే, అందరికీ వినబడేలా చెప్పాడు. "ఏడో గాజు నేను సరిగ్గా అతికించలేదు సార్. గోడ గీకలేదు. భయపడి గీకలేదు. నాకు భయం సార్, మొదట్నుంచీ భయమే. గాజు ఊడిపోయింది, అందుకే పగల్లేదు. గోడ పెన్సిలంత విచ్చుకుంది. ముందు వాళ్ళని లాగించండి, తర్వాత నన్ను ఏం చేసినా సరే."

పళ్ళికిలించినవాడు నోరు మూశాడు. పెద్ద ఇంజనీరు మొహం ఎర్రబడి, ఆ వెంటనే పాలిపోయింది. ఆయన చెడ్డమనిషి కాదు. నా వైపు తిరిగి "ఇంకా చూస్తావేం, దించు" అన్నాడు.

కింద మిషను ఆగింది. ఖాళీ తొట్టి దించడానికి మూడు నిమిషాలు, లాగడానికి నాలుగు. తొందరపెడితే తొట్టి ఊగి గోడకి కొడుతుంది, ఆ దెబ్బకే కూలినా కూలొచ్చు. నా చెయ్యి వేగంగా తిప్పమంటుంది, బుర్ర వద్దంటుంది. మొదట నలుగురు వచ్చారు. తర్వాత నలుగురు. ఎనిమిది మందీ పనివాళ్ళే. ఆఖరున వచ్చినాయన, "అమ్మాయిగారు ముందు మమ్మల్నే ఎక్కమన్నారు. ఏడో గాజు దగ్గర ఇటుక రజను రాలుతోంది, నా మెడ మీద పడింది" అన్నాడు. చూపించడానికి కాలరు దులిపాడు. ఎర్రటి పొడి రాలింది.

తొట్టి మళ్ళీ దించబోతుంటే మా బావ దాంట్లోకి ఎక్కాడు.

"నువ్వెందుకు? నువ్వు దిగి చేసేదేముంది?" అని అరిచాను.

"ఏమీ లేదు. దించు."

"బావా, అక్క నన్ను చంపుతుంది!"

"దించరా" అన్నాడు. కళ్ళు మూసుకోలేదు ఈసారి. గడ్డం మాత్రం వణుకుతోంది. రెండు గంటలు ఆయనే కొట్టాడు.

దించాను. అడుగు తగిలింది. నిమిషం దాటాక మూడు గంటలు మోగాయి. దేవుడా అనుకుని లాగడం మొదలుపెట్టాను. వించి డ్రమ్ము మీద తాడు చుట్టుకుంటోంది. తాడు మీద మీటర్ల గుర్తులు ఉంటాయి, వాటినే చూస్తున్నాను. ముప్పై ఐదు. ముప్పై. ఇరవై ఐదు. ఇరవై రెండు దగ్గర గంట మోగింది.

ఒక్క గంట.

చెయ్యి అలవాటుకొద్దీ బ్రేకు వేసేసింది. ఇరవై రెండు మీటర్లంటే ఏడో గాజు.

"ఎందుకాపావ్? లాగు!" అన్నాడు పెద్ద ఇంజనీరు.

"ఆపమన్నారండి. లోపలివాళ్ళు కొట్టేదాకా కదపకూడదు. ఎవరి చెయ్యైనా గోడకీ తొట్టికీ మధ్య ఉంటే తెగిపోతుంది." ఇరవై రెండేళ్ళుగా నేను తప్పని నియమమది. ఆ రోజు దాన్ని తిట్టినట్టు దేన్నీ తిట్టలేదు. ఏమైంది? తొట్టి ఇరుక్కుందా? ఇటుక పడిందా? బావకి గుండె ఆగిందా? గోతిలోకి వంగి అరిచాను. నా గొంతే నాకు తిరిగొచ్చింది. షెడ్డు గోడ మీది గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ నిలబడ్డాను. పట్టుకున్న బ్రేకు పిడి చెమటకి జారుతోంది. మా అక్కకి ఏమని చెప్పాలో మొదటి మాట కూడా దొరకడం లేదు. ఇన్నేళ్ళు నేను ఎగతాళి చేసినదాని రుచి ఏమిటో, ఆ రెండు నిమిషాల్లో తెలిసింది.

మూడు గంటలు మోగాయి.

తొట్టి వెలుతురులోకి వచ్చింది. ఇద్దరూ ఉన్నారు. టోపీల మీద ఎర్రటి పొడి. నా మేనకోడలు తనంతట తాను దిగలేకపోయింది. చెయ్యి పట్టుకుంటే ఐసుముక్కలా ఉంది, వణుకుతోంది. పుట్టిన దగ్గర్నుంచి ఎత్తుకుని తిరిగినవాణ్ణి, అది వణకడం అదే మొదటిసారి చూడడం.

"మావయ్యా," అంది. "నాన్న పొద్దున్న పెట్టిన పెన్సిలు బిగుసుకుని ఉందన్నాడు. నన్ను తియ్యమన్నాడు. ముట్టుకున్నాను, అంతే. లోపలికి జారిపోయింది. గోడ వెనక ఎక్కడో చాలా కింద టక్కుమంది." నా చెయ్యి వదలకుండానే, "గోడ వెనక ఏమీ లేదు మావయ్యా" అంది.

షాఫ్టు దగ్గరికి ఎవరినీ పోనివ్వకుండా తాళ్ళు కట్టారు. మధ్యాహ్నం మూడున్నరకి నేల అదిరింది. గోతిలోంచి దుమ్ము లేచి షెడ్డు రేకుల మీద వాలింది. మర్నాడు తాడుకి కెమెరా కట్టి దించితే, ఆరో గాజుకీ ఎనిమిదో గాజుకీ మధ్య గోడే లేదు. ఓ గది పట్టేంత చీకటి ఉంది. అందులోంచి జారిన మట్టీ ఇటుకా అడుగున మిషను మీద రెండు నిలువుల ఎత్తున పడి ఉన్నాయి.

విచారణ జరిగింది. మా బావ రాసిచ్చిన కాగితం చదివి పెద్ద ఇంజనీరు, "భయం వల్ల గీకలేదు అని ఎందుకండీ, తొందరలో మరిచిపోయానని రాయండి, బాగుంటుంది" అని సలహా ఇచ్చాడు. మంచికే చెప్పాడు. మా బావ మార్చలేదు. ఏడాది పాటు ఆయన్ని షాఫ్టుల్లోంచి తీసి సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. ఆయన బల్లులతో అక్కడ తంటాలు పడ్డాడు.

ఒక సాయంత్రం వాళ్ళింటి మెట్ల మీద కూర్చుని టీ తాగుతూ, అంతకాలం గొంతులో పెట్టుకున్నది అడిగేశాను. "బావా, నీ కూతురు తొట్టిలోనే ఉంది. రెండు నిమిషాల్లో పైకొచ్చేస్తారు. కూలబోయే గోడ ఎదురుగా ఎందుకాపావయ్యా? ఇప్పటికీ తలుచుకుంటే నాకు చేతులాడవు."

ఆయన టీ ఊదుకున్నాడు. ఆయనకి వేడి టీ అన్నా భయమే.

"అడుగునే అంతా చెప్పానురా దానికి. గీకలేదనీ, ఊడిందనీ. 'పర్లేదు నాన్నా, నువ్వు ఊరికే కంగారు పడతావు. మిగతా పది గాజులూ బాగానే ఉన్నాయిగా, లెక్క నిలబడుతుంది' అంది. నవ్వింది కూడా. ఇన్నేళ్ళూ మీరందరూ నన్ను చూసి నవ్వుతుంటే చూస్తూ పెరిగిందిగా. నేను చెబితే భయం అనుకుంటుంది. చేత్తో ముట్టుకుంటే తప్ప నమ్మదు. నమ్మకపోతే మళ్ళీ దిగుతుంది."

గాజులాయన అన్న పేరు పెట్టింది నేనే అని ముందే చెప్పాను.

ఇప్పుడు ఆ షాఫ్టు పై నుంచి కిందికి, ఉక్కు రింగులు బిగించుకుంటూ కడుతున్నారు. కొత్త లెక్క నా మేనకోడలిదే. గాజులు అదే అతికిస్తుంది. సంచిలో ఇనప బ్రష్షు ఉంటుంది. ఇటుక ఎర్రగా తేలేదాకా గీకుతుంది. రోజూ ప్రతి గాజునీ వేలికొసతో మెల్లగా తడిమి చూస్తుంది, నియమానికి విరుద్ధమైనా. నేను తొట్టి దించే ముందు రెండు చేతులతో అంచు గట్టిగా పట్టుకుంటుంది. "మావయ్యా, మెల్లగా దించు" అంటుంది.

ఆ సంగతి మా బావకి చెప్పాను. రెండోసారి చెప్పించుకుని విన్నాడు. ఆ రోజు గ్యాసు చూడ్డానికి వీధి చివరి నుంచి వెనక్కి రాలేదట. అక్క చెప్పింది.